జేబులో పట్టే కెమెరా

మొన్న ఆదివారం ఆరాధన అయిపోయాక ఫోటో మామ భార్య మా ఇంటికి వచ్చి, పాత లుంగీ గుడ్డలో చుట్టిన చిన్న కెమెరా నా చేతిలో పెట్టింది.

"నువ్వు ఏరి ఇచ్చిందే గదమ్మా ఇది. నువ్వే పెట్టుకో. ఇంట్లో పెట్టుకోవాలంటే నాకు భయమైతాంది" అనింది.

పెద్ద కెమెరాను ఎవరో పెండ్లిళ్ల ఫోటోలు తీసే కుర్రవాళ్లు కొనుక్కుపోయారట. దీన్ని మాత్రం అమ్మడానికి ఆమెకు మనసు రాలేదు. అట్లని బీరువాలో ఉంచుకోవడానికీ ధైర్యం చాలలేదు. గుడ్డ విప్పి చూశాను. నల్ల రంగు, మూలల్లో అరిగి లోపలి తెల్లని లోహం కనపడుతోంది. చొక్కా జేబులో పెట్టి పెట్టి అట్లా అరిగింది. ఆయన పోయింది ఎండాకాలంలో. సమాధుల తోటలో అందరం నిలబడి పాట పాడాం, మట్టి వేశాం, ఇంటికొచ్చాం. అప్పుడు రాని ఏడుపు ఈ అరిగిన మూలలు చూస్తే వచ్చింది.

ఆయన పేరు రాయను. తీసిన ఫోటో వెనక స్టూడియో ముద్ర వేసుకోవడానికే సిగ్గుపడే మనిషి. జమ్మలమడుగులో మా వీధివాళ్లందరికీ ఫోటో మామ, నాకూ అంతే. చుట్టరికం ఏమీ లేదు. నా పెండ్లి ఫోటోలు ఆయనే తీశాడు. నేను సైన్సు టీచరునయ్యాక మా బడిలో ఏటా గ్రూపు ఫోటో తీసేదీ ఆయనే. నేను నలభై ఏళ్లకు దగ్గరపడినా నన్ను "పాపా" అనే పిలిచేవాడు.

ఎడమ భుజం కిందికి వాలి ఉండేది. ఏళ్ల తరబడి ఆ పెద్ద సంచి మోసి మోసి సంచి లేనప్పుడు కూడా భుజం అట్లానే ఉండిపోయింది. చర్చిలో నిలబడి పాడుతుంటే పక్కకు పడిపోతాడేమో అనిపించేది. లెన్సు మీద దుమ్ము ఉంటే చంటిబిడ్డకు పాలు చల్లార్చినట్టు నెమ్మదిగా ఊదేవాడు. పెండ్లిళ్లలో మాత్రం గొంతు పెద్దది. "ఓ పెద్దాయనా, జరుగు. ఆ పిలగాని తల కనపడల్యా" అని మంత్రినైనా జరిపేసేవాడు. నవ్వమని ఎవరినీ అడిగేవాడు కాదు.

"పండ్లు కనపడాల్సిన పనిల్యా. ఊపిరి తీసుకోండి, సాలు" అనేవాడు.

నా పెండ్లి ఫోటోల్లో మేమిద్దరం అందుకే ఊపిరి పీల్చుకుంటూ ఉంటాం. మా ఆయన చొక్కా గుండీలు లాగిపట్టినట్టు ఉంటాయి.

ఆయనకు ఇంకో పని ఉండేది. దాని గురించి ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడేవాళ్లు కాదు. ఎవరైనా ఉరి వేసుకున్నా, బావిలో పడినా, రోడ్డు మీద పోయినా, పంచనామాకు ఫోటోలు కావాలని పోలీసులు ఆయనకు కబురు పెట్టేవాళ్లు. ఊళ్లో స్టూడియో ఉన్నవాడికి ఈ పిలుపు తప్పదు. కుదరదు అంటే రేపు వాళ్లతో పని పడుతుంది. ఆ పని నుంచి రాగానే ఇంట్లోకి అడుగు పెట్టకుండా పెరట్లో తలమీద నుంచి నీళ్లు పోసుకునేవాడు. "మనకు మైల ఏందయ్యా?" అని పాస్టరుగారు ఒకసారి ఎగతాళి చేస్తే, "మైల కాదయ్యగారూ, వాసన" అన్నాడు. పాస్టరుగారు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఒకసారి మా బడి వెనక బావిలో తేలిన ఒక ముసలాయనకు ఫోటోలు తీస్తుండగా దూరం నుంచి చూశాను. ఒక్కో ఫోటో తీసి, వంగి, ఆ శవంతో ఏదో అంటున్నాడు. ఏమంటున్నావు మామా అని తర్వాత అడిగాను.

"ఏముంది పాపా. సూదేసేటప్పుడు పిల్లోళ్లకు సెప్పమా? అయిపాయ అప్పా, అయిపాయ అంటా. అంతే."

ఆయనతో నాకు చనువు పెరిగింది పులివెందుల సంగతి తర్వాతే. ఆ సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చి వాకిట్లో కుర్చీలో కూలబడ్డాడు. మా ఆయన అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. కలమల్ల దగ్గర కరెంటు ప్లాంటులో పని ఆయనది. రోజూ మోటారు సైకిల్ మీద పోయి వచ్చేవాడు. మామను చూడగానే ఎప్పటిలాగే "ఏం మామా, ఇంత పెద్ద ఫిరంగి మోసుకొని ఎవురి మీదికి పోతాండావు?" అన్నాడు. మామ నవ్వలేదు. సంచి భుజం మీద నుంచి తీసి, కాళ్లకు తగలకుండా దూరంగా నెట్టాడు. అప్పుడు చెప్పాడు.

ముందురోజు పులివెందులలో పెండ్లి. ఆ పొద్దున తిరుగు బస్సు కోసం బస్టాండులో టీ తాగుతుంటే కానిస్టేబులు ఒకాయన ఆ సంచి చూసి పట్టుకున్నాడు. ఆ ఊరి ఫోటోగ్రాఫరు ఎక్కడికో పోయాడు. పక్క పల్లెలో అరటితోటలో బోరు స్టార్టరు దగ్గర కరెంటు కొట్టి ఒకతను పోయాడు. మేము జీపులో ముందు పోతాం, నువ్వు ఆటోలో వచ్చెయ్ అన్నాడు. మామ పల్లె మొదట్లో ఆటో దిగి, మెడలో కెమెరా వేసుకొని, తొలి ఇంటి అరుగు మీద వేరుశనగ కాయలు ఒలుస్తున్న ఒక పెద్దామెను తోటకు దారి అడిగాడు.

"మా తోటేనప్పా!" అనింది ఆమె ముఖమంతా విప్పార్చుకొని. "పెండ్లి పిల్లకాయలు యాడ? ఎనక వస్తాండారా? పోయిన నెల గూడ ఒగ జంట వచ్చి ఫోటోలు దిగిపోయినారు. గెలలు ఇరగ్గొట్టొద్దని సెప్పప్పా, అంతే."

ఈ మధ్య పెండ్లికి ముందు తోటల్లో, కొండల్లో ఫోటోలు తీయించుకోవడం మా వైపు కూడా వచ్చింది. మెడలో అంత పెద్ద కెమెరా చూస్తే ఆమెకు ఇంకేం తోస్తుంది? తోట దగ్గర ఏం జరిగిందో ఊళ్లో అప్పటికే కొందరికి తెలుసు. ఆమెకు చెప్పే ధైర్యం ఎవరికీ లేక అందరూ తోటకే పోయారు.

"మావాడు ఆడే ఉండాడు, పొద్దన్నుంచి నీళ్లు కడ్తాండాడు" అని ఆమె ఇంకా చెప్పింది. "ఎండలో వచ్చినావు, మజ్జిగ తాగిపో." తెచ్చి ఇచ్చింది. "నాయనా, నీకు పుణ్యముంటాది. మావానిది గూడ ఒగ ఫోటో తియ్యి. సంబంధాలకు పంపల్ల. ఫోన్లో తీసినవి ఒగటీ బాగ రాల్యా." లోపలికి పోయి, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తెచ్చి ఆయన చేతిమీద వేసింది. "ఇది తొడుక్కొని దిగమని సెప్పు. ఆ బురద అంగీతో వద్దు."

అక్కడికి వచ్చేసరికి మామ ఆగాడు. మా ఆయన అప్పటికి నవ్వు మానేసి నేల చూస్తున్నాడు.

"అప్పుడన్నా సెప్పల్సింది పాపా. నోరు రాల్యా. మజ్జిగ తాగితి. గొంతు దిగల్యా, అయినా తాగితి. ఆ అంగీ సేతి మీద ఏసుకొని పోతి."

"ఆ అంగీ ఏం చేసినావు మామా?" అని మా ఆయన అడిగాడు.

"అన్నీ తీసినాక మొగానికి కప్పితి. ఎస్సై సూసినాడు గానీ ఏం అనల్యా."

ఇంతలో ఎవరో చెప్పినట్టున్నారు, ఆమె గట్ల వెంట పరుగెత్తుకొని వచ్చింది. చొక్కా గుర్తుపట్టింది. కొడుకు మీద పడబోయేముందు ఒక్కసారి తలెత్తి మామను చూసింది.

"తెలిసే తాగినావా అప్పా?" అనింది.

అంతే అడిగింది. ఓదార్చాలి కదా అని, "ఆ కాసేపన్నా ఆమె సంతోషంగా ఉండింది గదా మామా. ఆ యమ్మకు అంతకుమించి ఇంకేం మిగిలింది?" అన్నాను.

ఆయనకు కోపం వచ్చింది. నా మీద ఆయన కోపపడగా చూడటం అదే మొదలు. "ఎవురికి కావాల్ల పాపా ఆ సంతోషం? దీన్ని సూసి ఆ యమ్మ నవ్వె" అని సంచిని కాలితో తన్నబోయి, మనసొప్పక కాలు వెనక్కి తీసుకున్నాడు. "ఇది మెడలో ఉంటే మనుషులకు పెండ్లే గుర్తొస్తాది. సావుకు దీన్ని ఇంగ తీసకపోను. సిన్నది కావాల్ల. జేబులో పెడితే ఎవురికీ కనపడనిది. నువ్వు సదువుకున్నావు, ఏది కొనల్లో సూసిపెట్టు."

ఫోను ఉంది కదా మామా అని మా ఆయన అన్నాడు. మామ ఒప్పుకోలేదు. అదే ఫోన్లో మనవరాలి ఫోటోలు ఉంటాయి, వేలు జరిగితే ఆ బిడ్డ పక్కనే శవం వస్తుంది అన్నాడు. పైగా పని మధ్యలో భార్య ఫోను చేసి కూరగాయలు తెమ్మంటుంది. "సచ్చిపోయినోని ముందర వంకాయల మాట మాట్లాడల్నా?" అన్నాడు.

అట్లా ఒక సెలవురోజు నేనూ ఆయనా బస్సులో ప్రొద్దుటూరు పోయాం. బంగారు అంగళ్ల వెనక సందులో కెమెరాల అంగడి. అంగడతను మమ్మల్ని తండ్రీ కూతుళ్లు అనుకున్నాడు. యాత్రకు పోతున్నారా, జెరూసలేమా అని అడిగాడు. నేను అవునన్నట్టు తల ఊపాను.

ఒక్కో కెమెరా అతను చూపించడం, మామ దాన్ని చొక్కా జేబులో వేసుకొని వంగి చూడటం. వంగి, గొంతుక్కూర్చొని, లేచి, మళ్లీ వంగేవాడు. జారి కింద పడితే వద్దనేవాడు. శవం మీదికి వంగినప్పుడు అది జారి పడకూడదని అంగడతనికి ఎట్లా తెలుస్తుంది? పెద్దాయనకు వ్యాయామం మీద మోజు ఉందనుకున్నాడేమో. వెండి రంగువన్నీ మెరుస్తాయని పక్కన పెట్టించాడు. ముందుకు తిరిగే తెర ఉంది, మీ ఫోటో మీరే తీసుకోవచ్చు అంటే, "నా మొగం నాకెందుకప్పా" అన్నాడు.

అంగడతను చివరి ప్రయత్నంగా, "పెద్ద కెమెరాల్లోనే చిన్న డీఎస్ఎల్ఆర్ ఒకటి ఉంది సార్. దీంట్లో అయితే మనిషి వెనక అంతా మసకగా వస్తాది, శానా అందంగా ఉంటాది" అన్నాడు.

"నాకు మసక వద్దు" అన్నాడు మామ. "ఎనకాల ఏముండాదో అంతా కనపడల్ల."

పెద్ద కెమెరాలో మనిషి ఒక్కడే తేటగా వచ్చి చుట్టూ ఉన్నది కరిగిపోతుంది. పెండ్లికూతురికి అది బాగుంటుంది. పోయినవాడి చుట్టూ మాత్రం చెప్పులు ఎక్కడ పడ్డాయో, తీగ ఎక్కడ తెగిందో అంతా కనపడాలి. చిన్న కెమెరాలో దగ్గరిదీ దూరందీ ఒకేలా తేటగా వస్తాయి. పదో తరగతికి కటకాల పాఠం చెప్పేటప్పుడు నేనే బోర్డు మీద బొమ్మ వేసి చెప్పే సంగతి ఇది.

చివరికి ఒక నల్లది కుదిరింది. నేను దాని మెనూలన్నీ తిరగేసి, నొక్కినప్పుడు వచ్చే టిక్కు శబ్దాన్ని తీసేసి ఇచ్చాను. ఆయన చెవి దగ్గర పెట్టుకొని నొక్కి చూశాడు. ఏమీ వినపడలేదు. అంత తృప్తి ఆయన ముఖంలో నేను ఇంకెప్పుడూ చూడలేదు.

"మా ఇంటామెకు ఎట్లనూ దాయలేను గానీ, బయట ఈ సంగతి మన ముగ్గురికే తెలియల్ల పాపా. నీకూ నాకూ అల్లునికీ. ఇది జేబులో ఉంటే నేను యాడికి పోతాండానో ఇంగెవురికీ తెలియకూడదు" అన్నాడు బస్సులో.

అప్పటి నుంచి పెద్దది పెండ్లిళ్లకు, చిన్నది చావులకు. వీధిలో ఆయన ఎదురైతే నా కళ్లు ముందు జేబు వైపే పోయేవి. జేబు వాలి ఉంటే నేను పలకరించకుండా తల దించుకొని పోయేదాన్ని. ఆయన కూడా నన్ను చూడనట్టే పోయేవాడు. మా ఇద్దరి మధ్య అదొక ఒప్పందంలాగా నడిచింది. మా ఆయనకు మాత్రం ఇట్లాంటి పట్టింపులు లేవు. "ఏం మామా, జేబు బరువుగా ఉండాది, నేను ఉన్నానో పోయినానో సూసిపోను వచ్చినావా?" అని వీధిలోనే అరిచేవాడు. "నీ నోట్లో మన్ను పొయ్యా" అని మామ తిట్టేవాడు.

కొన్నాళ్లకు ఒక ఆదివారం మా ఆయనకు పొద్దున డ్యూటీ. నేను ఒక్కదాన్నే చర్చికి పోయి వచ్చి, చీర మార్చుకొని, చారు పొయ్యి మీద పెట్టాను. చర్చిలో శబ్దం తీసేసిన ఫోను సంచిలోనే ఉండిపోయింది. వాకిట్లో అడుగుల చప్పుడు. చూస్తే మామ. భుజానికి పెద్ద సంచి, మెడలో పెద్ద కెమెరా. జేబు చదునుగా ఉంది. నాకు ప్రాణం కుదుటపడింది. ఎందుకు కుదుటపడిందో అప్పుడు ఆలోచించలేదు, ఆయన్ను చూస్తే జేబు వెతకడం అలవాటైపోయింది, అంతే.

"ఏం మామా, ఆదివారం పూట ఎవరి పెండ్లి?" అని నవ్వాను.

ఆయన కూర్చున్నాడు. "కొంచెం మజ్జిగ ఉంటే ఇయ్యి పాపా" అన్నాడు.

ఇచ్చాను. నెమ్మదిగా తాగాడు. చివరి చుక్క దాకా తాగి గ్లాసు చాపి, "ఇంగొగ గ్లాసు" అన్నాడు. వంటింట్లోకి పోయి పెరుగు చిలికి, ఉప్పు వేసి, ఈసారి అల్లం కూడా దంచి వేశాను. చారు వాసన బాగా వస్తోంది. మా ఆయన వచ్చేలోపు అప్పడాలు వేయించాలి అనుకున్నాను. పొద్దున చర్చిలో పాడిన పాటే నోట్లో తిరుగుతోంది. గ్లాసు తెచ్చి ఇస్తూ, "ఆయన వచ్చేదాకా ఉండు మామా, కలిసి తిందురు గాని" అన్నాను.

ఆ రెండో గ్లాసు కూడా ఆయన పూర్తిగా తాగాడు. గ్లాసు కింద పెట్టి, నా చెయ్యి పట్టుకొని, "కూర్చో పాపా" అన్నాడు.

డ్యూటీకి పోయేటప్పుడే, ముద్దనూరు రోడ్డులో, లారీ. ఇంకేమీ రాయను. పోలీసులు పిలిస్తే పోయింది మామే. ఫోటోలు తీసింది కూడా మామే. మా ఆయనకు కూడా అయిపాయ అప్పా అని చెప్పి ఉంటాడు. నేను మాత్రం అవేమీ ఆలోచించే స్థితిలో లేను. ఎదురుగా ఖాళీ గ్లాసు కనపడింది. ఎవరో ఊరు పేరు తెలియని ఒక పెద్దామె మాట నా నోట్లోంచి దానంతటదే వచ్చింది.

"తెలిసే తాగినావా మామా?"

ఆయన తల దించుకున్నాడు. ఆ తర్వాత ఇన్నేళ్లూ వీధిలో కనపడితే పలకరించాను, పండగకు కేకు పంపాను, అంతకు మించి మాట్లాడలేకపోయాను. ఆయన మీద నాకు కోపం. నా మొగుడు రోడ్డు మీద పడి ఉంటే నన్ను నవ్వించాడని, పాట పాడించాడని కోపం. పెండ్లి కెమెరా మెడలో ఉంది కాబట్టి ఏ పెండ్లి నుంచో పిలిపించి ఉంటారు, దానితోనే వచ్చేశాడు అనుకున్నాను. అంతవరకే నాకు తెలుసు. ఆయన కూడా ఎప్పుడూ ఇంకేమీ చెప్పలేదు.

మొన్న ఆయన భార్య కెమెరా నా చేతిలో పెట్టి గడప దాటబోతూ ఆగింది.

"ఆ పొద్దు ఆయన రోడ్డు కాడి నుంచి నేరుగా మీ ఇంటికి రాల్యామ్మా. ముందర ఇంటికొచ్చె. నీళ్లు గూడ పోసుకోల్యా. దీన్ని జేబులోంచి తీసి బీరువాలో పెట్టి, పెద్దది తగిలించుకుండె. ఏంది, ఇప్పుడెవురి పెండ్లి అంటి. 'ఇది సూస్తే పాపకు గుమ్మంలోనే తెలిసిపోతాది. ఆ యమ్మకు ఆ కాసేపే మిగిలింది అని పాప ఒగసారి అనింది. పాపకు గూడ అంతన్నా ఉండనీ' అనె. ఏడుస్తా పాయ."

ఆమె వెళ్లిపోయాక కెమెరా ఒళ్లో పెట్టుకొని, ఆ లుంగీ గుడ్డ మళ్లీ చుట్టాను. తన మెడలోనిది చూసి ఇంకెవరూ అట్లా నవ్వకూడదని ఆయన దీన్ని కొనుక్కున్నాడు. నా కోసం ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టాడు. పులివెందుల పెద్దామె అడిగిన మాట మళ్లీ ఒకసారి పడాల్సి వస్తుందని తెలిసే మా గుమ్మం తొక్కాడు. ఎవరికి కావాలి ఆ సంతోషం అని అప్పుడు ఆయనే అరిచాడు. ఎవరికి కావాలో ఇప్పుడు నాకు తెలుసు. అల్లం దంచుతూ, అప్పడాల గురించి ఆలోచిస్తూ, మొగుడు అన్నానికి వస్తాడని నమ్మిన ఆ కాసేపు నా బతుకులో మళ్లీ రాలేదు.

రెండో గ్లాసు తాగాక ఆయన ఇంకొంచెం అడిగి ఉంటే, మూడోది కూడా కలిపి ఇచ్చేదాన్ని.